ముగింపు పాట దగ్గర మూగబోయే పెట్టె

3, సోమవారం

నిన్నే అడుగుతున్నాను: నమ్మి ఇంటికి తెచ్చుకున్న వస్తువు పదిమంది ముందు నీ పరువు తీస్తే నువ్వేం చేస్తావు? నోరు మూసుకుని కూర్చుంటావా?

ఇది నా సొంత డైరీ అనీ, దీన్ని చదివేవాడెవడూ లేడనీ నాకు తెలుసు. కానీ ఎదుట ఒక మనిషి లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు. అందుకని నువ్వున్నావనే అనుకుని రాస్తాను. కూర్చో. మూడు సంగతులు చెబుతాను.

మొదటి సంగతి, పెట్టె. ఇటుకంత ఉంటుంది. నల్లటిది, ముందు జాలీ, నెత్తిన చిన్న నీలం దీపం. ఫోన్లో వేలు పెట్టి అడిగితే గాలిలోంచి పాటలు లాక్కొచ్చి వినిపిస్తుంది. ఖరీదైనది తెచ్చే స్తోమత మా ప్రార్థన కూడికకి లేదు కాబట్టి చౌకరకమే తెచ్చాను. ఆదివారం మా ముందు గదిలో చేరేవాళ్ళకి ఏళ్ళ తరబడి పాటలు ఎత్తుకున్న పెద్దమ్మ, తన కూతురి దగ్గర ఉండటానికి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆవిడ గొంతుకి సాటి లేదు. మిగిలినవాళ్ళం పాడితే వీధిలో కుక్కలు బదులు పాడతాయి. అందుకని పెట్టె.

మొదటి పాట దివ్యంగా వస్తుంది. తర్వాత ప్రార్థన. తర్వాత నేను వాక్యం చెప్పడం. ఆ తర్వాత ముగింపు పాట. సరిగ్గా అక్కడ పెట్టె చస్తుంది. దీపం ఉండదు, ఉలుకుండదు, పలుకుండదు. వైరు పీకి మళ్ళీ పెట్టి, ఫోన్లో వెతికి వెతికి దాన్ని బతికించేసరికి కొంతసేపు పడుతుంది. జనాన్ని ఊరికే కూర్చోబెట్టకూడదు కదా. ముగింపు పాట అయ్యేదాకా ఎవరూ లేవకూడదన్నది నేను పెట్టిన నియమమే. కాబట్టి ఆ ఖాళీలో ఇంకో నాలుగు మాటలు చెబుతాను. నిన్నటితో వరసగా మూడో ఆదివారం ఇలా జరగడం.

రెండో సంగతి, దర్జీ తమ్ముడు. నిన్న అందరూ వెళ్ళాక గుమ్మం దగ్గర ఆగాడు. చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు. చల్లకొచ్చి ముంత దాస్తున్నాడని కనిపెట్టి, ఏమిటో చెప్పమన్నాను.

"అన్నా, మూల మీద ప్రార్థన హాలువాళ్ళు మమ్మల్ని రమ్మంటున్నారు. వాళ్ళకి డ్రమ్ములున్నాయి, పాడేవాళ్ళున్నారు. నర్సమ్మ, బస్సు డ్రైవరన్న, మేము అందరం కూర్చుని అనుకున్నాం. నెలాఖరు ఆదివారం దాకా చూద్దామని."

"ఏం చూద్దామని?"

పైకప్పు చూశాడు. "అదే అన్నా, పాటల సంగతి. ముగింపు పాట టైముకి రావట్లేదు కదా," అన్నాడు.

విన్నావా? ఒక చౌకరకం ఇటుక నా మందని చెదరగొడుతోంది. నా షాపులో కొట్లవాళ్ళ తూకం కాటాలు బాగుచేసి పొట్టపోసుకుంటాను గానీ, నేను బతికేది ఆదివారం కోసం. బడి మధ్యలో మానేసినవాణ్ణి. నల్ల అట్ట గ్రంథం ఒక్కటి ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాను. నెలాఖరుకి ఆ గదిలో నేనూ నా గ్రంథమూ ఖాళీ కుర్చీలూ మిగిలితే ఇక నేనెవణ్ణి?

మూడో సంగతి. పేజీ చివరికొచ్చింది. రేపు.

4, మంగళవారం

మూడో సంగతి ఏమిటో గుర్తు రావడం లేదు.

పెట్టె కంపెనీకి చాట్ అని ఒకటుంది. మనిషి కాదట, యంత్రమే జవాబిస్తుందట. "మీ సమస్యను క్లుప్తంగా రాయండి" అంది. రాశాను. షాపులో రెండు కాటాలు పక్కన పెట్టి, భోజనం వేళ దాకా రాశాను. పెట్టె పుట్టుపూర్వోత్తరాలు, నా మంద సంగతి, అబద్ధపు తూకాల మీద గ్రంథం ఏమంటుందో, అన్నీ రాశాను. పంపాను. "క్షమించండి, నాకు అర్థం కాలేదు. మీ సమస్యను క్లుప్తంగా రాయండి" అంది.

చెవిటివాడి ముందు శంఖం అంటే ఇదే.

భోజనం తెచ్చిన మా ఆవిడ ఫోన్ తీసుకుని, రెండే మాటలు రాసింది: పెట్టె ఆగిపోతోంది. యంత్రం వెంటనే ఒక నంబరిచ్చి, రేపు ఫోన్ చేయమంది. ఆవిడకి అదృష్టం ఎక్కువ.

5, బుధవారం

ఫోన్ చేశాను. వేచి ఉండమని ఒక పాట వేశారు. నేను కనిపెట్టిన సంగతి రాసి పెడుతున్నాను: వాళ్ళ పాట ఒక్కసారి కూడా ఆగలేదు.

తర్వాత ఒక గొంతు, నాణ్యత కోసం ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది అంది. నా మాటలు రికార్డు చేస్తామని ఇంతవరకూ ఎవరూ అనలేదు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

ఒక అమ్మాయి మాట్లాడింది. గొంతు వింటే ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది. ప్రతి మాటకీ ముందు ఒక చిన్న ఊపిరి. వైరు పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టమంది. నేను ఆమెకి, కఠినుడైన న్యాయాధిపతి గుమ్మం వదలకుండా పదే పదే వెళ్ళి న్యాయం సాధించుకున్న విధవరాలి సంగతి చెప్పాను. నేనూ అలాంటివాణ్ణే, వదలను అని చెప్పాను. అక్కడితో ఆగకుండా, ఓర్పు గురించి మూడు సంగతులు చెప్పాను. అంతా వింది. మర్యాద గల పిల్ల. చివర్న, "సర్, పది లెక్కపెట్టారా?" అంది.

లెక్కపెట్టడం మరిచిపోయాను.

6, గురువారం

కంపెనీ నుంచి కబురు: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

పరిష్కరించబడిందట. ఎవరిచేత?

8, శనివారం

కొనేవాళ్ళు అభిప్రాయాలు రాసే చోట ఒక నక్షత్రం ఇచ్చి, ప్రజల కోసం నా అనుభవం రాశాను. కొంత దూరం పోయాక అక్షరాలు ఎక్కడం మానేశాయి. హద్దు ఉందట. అచ్చులో కనిపించింది ఇంతే: "సోదరులారా, సోదరీమణులారా, ఈ పెట్టె కొనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి, ఎందుకనగా".

సాయంత్రం చూస్తే ఇది మాకు ఉపయోగపడింది అని పదకొండు మంది నొక్కారు.

ఈ కాలంలో ప్రతిదానికీ హద్దులే. చాట్‌కి హద్దు, అభిప్రాయానికి హద్దు. మనిషి నోరారా మాట్లాడటానికి మిగిలిన చోటు మా ముందు గది ఒక్కటే.

9, ఆదివారం

మళ్ళీ చచ్చింది.

బతికించేలోపు సహనం మీద చెప్పాను. దర్జీ తమ్ముడు వైరు పట్టుకుని కంగారుగా పెట్టె చుట్టూ తిరుగుతుంటే, తొందరపడొద్దన్నాను. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సమ్మ కళ్ళు మూసుకుని, తల అంతకంతకూ కిందికి వంచుతూ, చివరికి గడ్డం గుండెకి ఆనించి విన్నది. ఆమె భక్తి చూసి ముచ్చటేసింది. బస్సు డ్రైవరన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ బండి టైముకి కదిలించిన మనిషి, ఇప్పుడు రిటైరయ్యాడు. ఆయన మాత్రం కూర్చోలేక కిటికీ దగ్గర నిలబడి, నా వెనక గోడకున్న మేకు వైపే చూశాడు.

ఆ మేకుకి ఒకప్పుడు గడియారం ఉండేది. అందరి కళ్ళూ అటు పోతున్నాయని నేనే తీయించాను. వాక్యానికి గడియారం కాపలా ఏమిటి? ఇప్పుడది వంటింట్లో ఉంది. మేకుకి నా గొడుగు వేలాడుతోంది. గొడుగులో ఆయనకి ఏం కనిపిస్తోందో.

10, సోమవారం

ఫోన్ చేసి, ఆ అమ్మాయే కావాలన్నాను. అలా కుదరదన్నారు. పెట్టేసి మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేసి మళ్ళీ చేశాను. న్యాయాధిపతి గుమ్మం వదలని ఆ విధవరాలే నాకు ఆదర్శం. షాపు మూసి ఇంటికొచ్చి ఇంకోసారి చేస్తే ఆ అమ్మాయే ఎత్తింది.

"మీరేనా సర్," అంది. ఊపిరి తీసుకుని, "మొదటి పాటకీ చివరి పాటకీ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది?" అని అడిగింది.

"ఖాళీ కాదు తల్లీ. వాక్యం ఉంటుంది."

"అదే సర్. ఎంతసేపు?"

"పది నిమిషాలు. మహా అయితే పదిహేను."

వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. ఏమిటని అడిగితే, చేయి జారిందంది మా ఆవిడ.

పది పదిహేను నిమిషాలకే ఆగిపోతోందంటే లోపం పెట్టెలోనే ఉండాలని అమ్మాయి ఒప్పుకుంది. పెద్దాయన్ని అడిగి వచ్చి, పెట్టె మార్చి కొత్తది పంపిస్తామంది. చూశావా? తడితే తలుపు తీయబడుతుంది. కాకపోతే గట్టిగా తట్టాలి.

13, గురువారం

కొత్త పెట్టె వచ్చింది. ఇది తెల్లటిది. పెట్టె తెచ్చినతను వానలో తడిసి ఉన్నాడు. గుమ్మంలో నిలబెట్టి, మోసే బరువుల గురించి ఒక మంచిమాట మొదలుపెట్టాను. ఇంకా చాలా ఇళ్ళున్నాయంటూ నా సంతకం కూడా తనే పెట్టేసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారానికి సిద్ధం. ఈసారి చాలా పెద్ద వాక్యభాగం తీసుకున్నాను.

15, శనివారం

గొంతు పట్టేసింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు. శత్రువైన సాతాను పని.

16, ఆదివారం

రాసి పెడుతున్నాను. ఈ రోజు నా ఇంట్లో అద్భుతం జరిగింది.

గొంతు లేదు. మూడు సంగతుల్లో రెండిటిని గొంతే మింగేసింది. ఉన్న ఒక్కదాన్ని గుసగుసగా, ఆగి ఆగి చెప్పాను. వినడానికి అందరూ కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. ఏదో చిన్నమాట: గుప్పెడు పిండి ఉన్నవాడు కూడా పక్కవాడికి చిటికెడు ఇవ్వగలడని. చెప్పి కూర్చున్నాను. దర్జీ తమ్ముడు భయం భయంగా ఫోన్లో వేలు పెట్టాడు.

నీలం దీపం వెలుగుతోంది. ముగింపు పాట ఠంగున మొదలైంది.

వాళ్ళ మొహాలు నువ్వు చూడాల్సింది. నర్సమ్మ పాట మొత్తం కళ్ళు తెరుచుకునే పాడింది. బస్సు డ్రైవరన్న నా చేయి రెండు చేతులా పట్టుకుని ఊపాడు. దర్జీ తమ్ముడు చెప్పులు ఒక్కసారే వేసుకుని, "అన్నా, వచ్చేవారం మా బావమరిదిని కూడా తీసుకొస్తా," అన్నాడు. ఎవరూ తొందరపడి పోలేదు. నా గొంతు బలహీనమైనప్పుడే పెట్టె బలపడింది. దీనికి సాక్ష్యం చెప్పకపోతే రాళ్ళు కేకలేస్తాయి.

17, సోమవారం

నా ఒక్క నక్షత్రాన్ని అయిదు చేశాను. అభిప్రాయం మాత్రం మళ్ళీ "ఎందుకనగా" దగ్గరే తెగింది.

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను, సైగలకి కాస్త మెరుగైన గొంతుతో. సంతోషించింది. "మీ గొంతు జాగ్రత్త సర్," అంది.

20, గురువారం

గొంతు వచ్చేసింది. వేడినీళ్ళు, తేనె, ప్రార్థన. పొద్దున్నే షాపులో ఒక పల్లవి గట్టిగా ఎత్తుకుంటే బాగుచేసిన కాటా ముల్లు కదిలింది.

మా ఆవిడ సంతోషించినట్టే కనపడింది గానీ, ఇంకో రెండు వారాలు గొంతుకి విశ్రాంతి ఇస్తే మంచిదని మూడుసార్లు అంది. భర్త ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎంతమందికి ఉంటుంది?

23, ఆదివారం

చచ్చింది.

దర్జీ బావమరిది కూడా వచ్చిన రోజున. పోయినవారం మిగిలిపోయిన రెండు సంగతులూ, ఈ వారం మూడూ కలిపి, నిండుగా, నిప్పులు కురిసేలా చెప్పిన రోజున. తెల్లపెట్టె నల్లపెట్టెలాగే చచ్చింది. ఖాళీలో ఇంకో నాలుగు మాటలు చెప్పాను. బావమరిది మొదటి సంగతికి మెచ్చుకోలుగా తల ఊపాడు. రెండో సంగతికి తల ఊపడం ఆపాడు. ఆ తర్వాత మంచినీళ్ళకని లేచినవాడు తిరిగి రాలేదు.

గుమ్మం దగ్గర దర్జీ తమ్ముడు చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారం నెలాఖరు.

24, సోమవారం

అమ్మాయికి అంతా చెప్పాను. ఈసారి విధవరాలి సంగతి ఎత్తలేదు. నా గొంతులో ఏం వినపడిందో, "ఏం జరిగింది సర్, నిజంగా?" అని అడిగింది. వచ్చే ఆదివారం తర్వాత నా కూడిక ఉండకపోవచ్చని చెప్పాను. అది నోటితో అనడం అదే మొదటిసారి.

ఒక మార్గం చెప్పింది. పెట్టె ఎప్పుడు పాడిందో, ఎప్పుడు ఊరుకుందో కంపెనీ దగ్గర జాడ ఉంటుందట, నేను ఒప్పుకుంటే తీసి చూస్తుందట. ఒప్పుకున్నాను. దాచడానికి నా దగ్గర ఏముంది?

26, బుధవారం

మధ్యాహ్నం షాపులో ఉండగా ఆమే ఫోన్ చేసింది.

"సర్, పెట్టె తప్పు లేదు. పాతదాని తప్పు కూడా లేదు. పాట ఆగాక ఇరవై నిమిషాలు చూసి, మళ్ళీ పాట రాకపోతే అది నిద్రపోతుంది. కరెంటు ఆదా అవుతుందని అలా చేశారు."

"మావి పదిహేను నిమిషాలే కదమ్మా."

చిన్న ఊపిరి. ఆ తర్వాత ఇంకోటి.

"సర్, పోయిన ఆదివారం మొదటి పాటకీ ముగింపు పాటకీ మధ్య గంటా పది నిమిషాలుంది. అంతకు ముందు వారం మాత్రం పన్నెండు నిమిషాలే."

యంత్రమన్నాక పొరపాటు చేస్తుందన్నాను. రెండు పెట్టెలూ కూడబలుక్కుని ఒకే పొరపాటు చేయవు కదా అంది, చాలా నెమ్మదిగా, దెబ్బతిన్న వేలికి కట్టు కడుతున్నట్టు. దీనికి మందు తేలికేనంది. ఫోన్లో ఒక మీట ఉందట. అది నొక్కితే పెట్టె ఇక ఎప్పటికీ నిద్రపోదట. ఎక్కడుందో చెప్పింది.

పెట్టేసేముందు, "సర్, ఇది నేను చెప్పాల్సింది కాదు. ఆ విధవరాలి కథ మా అమ్మకి చెప్పాను. భలే ఉంది. అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది," అంది.

ఓర్పు మీద మూడు సంగతులు కూడా చెప్పావా అని అడిగాను.

"అవి గుర్తులేవు సర్."

27, గురువారం

యంత్రం అబద్ధం.

అబద్ధమే. నా నోటికి నాకు తెలియదా?

28, శుక్రవారం

కాటా తప్పో ఒప్పో తేలాలంటే కాటానే అడగకూడదు, దాని మీద సరైన రాయి పెట్టాలి. కొట్టువాళ్ళకి రోజూ చెప్పే మాట ఇది. తమ కాటా తప్పని మొదట ఒక్కడూ ఒప్పుకోడు.

పచారీ కొట్టాయన తన కాటా తెచ్చి షాపులో కూర్చున్నాడు. ఆయన మా కూడికకి రాడు, మొహమాటాలూ లేవు. ఫోన్లో టైము మొదలుపెట్టి, బల్ల మీద బోర్లించి, ఆయన కాటా విప్పుతూ రాబోయే ఆదివారం వాక్యం ఆయనకి చెప్పాను. పది నిమిషాలు అయ్యాయని లోపల ఎక్కడ అనిపిస్తుందో అక్కడ ఆపుదామని. వాదన కాదు, పరీక్ష.

ఆయన మొదట స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. తర్వాత వీధిలోకి వెళ్ళి వచ్చాడు. తర్వాత గోడకి చేరగిలబడి కూర్చుని కళ్ళు మూశాడు. పది నిమిషాలు అయిందనిపించింది, ఆపాను. ఇంకా రెండో సంగతి సగంలోనే ఉన్నాను. ఫోన్ తిప్పి చూశాను.

అంకె ఇక్కడ రాయను.

"అయిపోయిందా అన్నా?" అన్నాడాయన. "ఎంత తేడా చూపిస్తోంది?"

"మూడింతలు," అన్నాను.

ఆయన నిద్రమత్తు వదిలి ఒక్క ఉదుటున లేచాడు. "మూడింతలా? అన్నా, నేనెప్పుడూ ఒకర్ని మోసం చేసినవాణ్ణి కాదు."

నీ కాటా సరిగ్గానే ఉందని చెప్పి పంపేశాను.

29, శనివారం

పొద్దున వంటింట్లోకి వెళ్ళి గడియారం ముందు నిలబడ్డాను. మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. నన్ను చూసి తరగడం ఆపింది.

"నీకు తెలుసు కదూ," అన్నాను.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"అది ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచి." కత్తితో గడియారం వైపు చూపించింది. "మీరు గ్రంథం తెరవగానే కూర పొయ్యి మీద పెడతాను. మొదటి సంగతికి ఉడుకుతుంది. రెండో సంగతికి దించుతాను. మూడో సంగతికి వేడి చేస్తాను. పెట్టె ఆగిపోయాక ఇంకోసారి వేడి చేస్తాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానండీ. రెండుసార్లు. రెండుసార్లూ దాని మీద మీరు నాకు మూడు సంగతులు చెప్పారు."

వాళ్ళయినా చెప్పొచ్చు కదా అన్నాను. దర్జీ తమ్ముడికి నోరుంది, నర్సమ్మకి నోరుంది. పాటలు, పాటలు అని పెట్టె మీదికి తోసేశారు గానీ, ఒక్కడు నా మొహం మీద అన్నాడా?

"మీరంటే గౌరవం. ఎలా అంటారు? ఈ ఇంట్లో మొహమాటం లేనిది ఆ పెట్టె ఒక్కటే."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ తరుగుతూ ఒక్కొక్కటే చెప్పింది. హాల్లో డ్రమ్ములకి దర్జీ తమ్ముడికి తలనొప్పి వస్తుందట. నర్సమ్మకి ఆదివారం ఇంటికెళ్ళి రెండు గంటలు పడుకుంటే తప్ప రాత్రి డ్యూటీలో చేతులు వణుకుతాయట. బస్సు డ్రైవరన్న, చెప్పిన టైముకి దింపని బండి ఎంత బాగున్నా జనం ఎక్కరని అన్నాడట. కానీ నా గొంతు పోయిన ఆ ఆదివారం చెప్పిన చిటికెడు పిండి మాట ముగ్గురికీ వారమంతా గుర్తుందట. దర్జీ తమ్ముడు ఆ వారం పక్క షాపువాడికి తన రెండో మిషన్ వాడుకోమని ఇచ్చాడట. ఎందుకిచ్చావని భార్య అడిగితే, "అన్న చెప్పాడు" అన్నాడట.

ఇన్నేళ్ళలో నా మాట విని ఎవరైనా ఏదైనా చేశారని నేను వినడం ఇదే మొదటిసారి.

ఉల్లిపాయల ఘాటు బాగా ఉంది.

30, ఆదివారం, పొద్దున్నే

ఎవరూ రాలేదు ఇంకా. కుర్చీలు వేశాను. దర్జీ తమ్ముడు ఈ రోజు చివర్న ఏం చెబుతాడో తెలియదు. చెబుతానన్న రోజు మాత్రం ఇదే.

మూడు సంగతులున్నాయి.

మొదటిది. ఫోన్లో ఆ అమ్మాయి చెప్పిన మీట దొరికింది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఒక్క నొక్కు చాలు. ఇక ఈ పెట్టె నా ఎదుట కళ్ళు మూయదు. గంటయినా, రెండు గంటలైనా నీలం దీపం వెలిగించుకుని నన్నే చూస్తూ ఉంటుంది. అంతకంటే నమ్మకమైన శ్రోత ఈ లోకంలో ఎవడికి దొరుకుతాడు? పైగా పాట టైముకి వస్తుంది, ఎవరూ దాని మీద నేరం మోపలేరు.

వేలు తీసేశాను. నిద్ర వస్తే నిద్రపోనీ. ముల్లు కట్టేసిన కాటా నా షాపులో ఎప్పుడూ ఉంచలేదు, నా ఇంట్లో ఎందుకు?

రెండోది. గడియారం కావాలని మా ఆవిణ్ణి అడిగాను. పొయ్యి మీద కూర పెట్టకుండానే వచ్చి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని, గోడ మీద నుంచి తీసి, దుమ్ము ఊది ఇచ్చింది. ఇస్తూ, "మీకు కనపడేలా పెడతారా, వాళ్ళకి కనపడేలా పెడతారా?" అంది. నవ్వలేదు. కానీ నవ్వలేదని నేను ప్రమాణం చేయలేను.

గొడుగు వేలాడే మేకు నా వెనక గోడకుంది. దానికి తగిలిస్తే చూసేది వాళ్ళు, చూడనివాణ్ణి నేను. నాకు కనపడాలంటే ఎదుటి గోడకి కొత్త మేకు కొట్టాలి. ఆ గోడ గట్టిది. సుత్తి షాపులో ఉంది. ఈసారికి ఇలా కానిచ్చి వచ్చేవారం చూసుకుందామని లోపల ఒకడు చాలా తియ్యగా చెబుతున్నాడు. వాడి గొంతు నాకు తెలుసు. పది నిమిషాలే అని ఇన్నాళ్ళూ చెప్పినవాడు వాడే.

మూడో సంగతి. నీతోనే అంటున్నాను, ఇంకా కూర్చుని రాస్తున్నవాడా. కలం కింద పెట్టు. వచ్చేవారం నీకు మంద ఉండదు. లే. పరిగెత్తు, సుత్తి తీసుకురా. ఈ రోజే, ఇప్పుడే, దర్జీ తమ్ముడు గుమ్మంలో చెప్పులు విప్పకముందే, ఎదుటి గోడకి ఆ మేకు కొట్టు.